మడమ ఆన్చి తొక్కాలి

పొద్దున్నే తలుపు కొట్టి, "మీ పాప చేత నా నడుం తొక్కిస్తావా అమ్మా?" అని అడిగాడు ఆ ముసలాయన.

గౌతమి ఆయన్ని ఎగాదిగా చూసింది.

నాచారంలోని ఆ గల్లీలో ఆయన్ని పాల దుకాణం దగ్గర చూడటమే తప్ప పేరు కూడా తెలియదు. లుంగీ, భుజం మీద తువ్వాలు. ఈ రోజు మాత్రం చెయ్యి నడుం మీద వేసుకుని, మూతి వంకర పెట్టుకుని నిలబడ్డాడు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుం పట్టు వదులుతుందంటారు. అమృత అలాగే పుట్టింది, నిజమే. కానీ పాదాలు రెండూ లోపలికి తిరిగిపోయి మరీ పుట్టింది.

వారం వారం సిమెంటు పట్టీలు మార్చి, కడ్డీ బిగించిన బూట్లు తొడిగి, దవాఖానాలో ఎలాగో ఆ పాదాలను దారికి తెచ్చారు. ఇప్పుడు బూట్లు రాత్రిళ్ళు మాత్రమే. పగలు పిల్ల నడవాలన్నారు.

పిల్లేమో నడవదు. నిలబెడితే మునివేళ్ళ మీద లేచి, బెదిరిపోయి, కూలబడుతుంది. ఏడాదిన్నర నిండినా ఒక్క అడుగు పడలేదు.

ఇక సలహాలకు కొదవా? చెప్పేవాడికి వినేవాడు లోకువ.

గ్రహణం నాడు కత్తిపీట పట్టి ఉంటావని అత్త సారలమ్మ. ఆముదం రాయమని పక్కింటావిడ. అసలు ఆ బూట్లే పిల్లను చెడగొడుతున్నాయి, తీసి పారేయమని భర్త తిరుపతికి ఫ్యాక్టరీలో దోస్తులు. ఎవరి మాట వినాలో తెలియక గౌతమి బుర్ర తిరిగిపోయింది. ఒకనాడు పాల దుకాణం దగ్గరే అందరి మీదా ఎగిరింది. తన బిడ్డ కాళ్ళ గురించి ఇక ఎవరూ నోరెత్తొద్దని తెగేసి చెప్పింది.

ఆ మర్నాడే ఈయన తయారు.

వెక్కిరించడానికి వచ్చాడా? మొహం చూస్తే అలా లేదు. పెద్దమనిషి, నొప్పితో వచ్చాడు, కాదంటే బాగుండదు. సరే రమ్మంది.

ఆయన వసారాలో చాప మీద బోర్లా పడుకున్నాడు. గౌతమి పిల్ల రెండు చేతులూ పట్టుకుని ఆయన నడుం మీద నిలబెట్టింది. అమృత భయం భయంగా మునివేళ్ళు మోపింది.

"అలా కాదు తల్లీ, మడమ ఆన్చి తొక్కాలి. మహిమంతా మడమలోనే ఉంటుంది," అన్నాడాయన.

మడమ ఆనగానే ప్రాణం లేచొచ్చిందని మూలిగాడు. పిల్ల పకపకా నవ్వింది. తన కాలు ఒకరికి పనికొస్తుందని ఆ పసిదానికి ఎలా అర్థమైందో గాని, మళ్ళీ తొక్కింది.

అప్పట్నుంచీ రోజూ వచ్చేవాడు. ఆయన చెప్పుల చప్పుడు వింటే చాలు, అమృత గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చేది. ఒకరోజు నొప్పి తగ్గిందనేవాడు, మరో రోజు ఎడమ పక్కకు జరిగిందనేవాడు. ఇదేం నొప్పో, ఒంట్లో ఊరేగుతోందని గౌతమికి అనుమానం. గల్లీలో ఆడవాళ్ళు చీర కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. తిరుపతికి తల కొట్టేసినట్టయింది. అయినా ఏ పుట్టలో ఏ పాముందో, పిల్ల సంతోషంగా ఉంది కదా అని గౌతమి ఊరుకుంది.

సారలమ్మ ఊరుకోలేదు.

"ఆయన నొప్పి యాడికి పోతదనుకున్నవ్? తొక్కినోళ్ళ కాళ్ళకే దిగుతది. మొదలే పిల్ల కాళ్ళు గిట్లున్నయ్," అంది.

గౌతమి పిల్లను ఒళ్ళోకి లాక్కుని పాదాలు తడిమి చూసింది. నిజమో అబద్ధమో ఎవరు తేల్చాలి? నిజమే అయితే తన బిడ్డ కాళ్ళు తనే చేజేతులా పాడు చేస్తోందా?

మర్నాడు ఆయన్ని గుమ్మంలోనే ఆపేసింది.

"ఇగ రాకున్రి తాతా. మీ నొప్పి నా బిడ్డకు అంటుకుంటదట."

ఆయన వంగి అమృత మడమలు ఒకసారి చూశాడు. అమృత తల నిమిరి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకే ఒక ఉదయం అమృత గోడ పట్టుకుని లేచింది. గోడ వదిలేసింది. రెండు మడమలూ నేలకు ఆన్చి, గుమ్మం దాకా నడిచి, తాత కోసం గల్లీలోకి చూసింది. గౌతమికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

మెట్రో కోసం తవ్విపోసిన మట్టిలోంచి ఉప్పల్ రింగురోడ్డు దాటి, పిల్లను దవాఖానాకు తీసుకుపోయి చూపించింది. మడమ ఇంత బాగా దిగిందంటే ఎవరో పట్టుబట్టి కసరత్తు చేయించి ఉండాలి, ఎవరని అడిగాడు డాక్టరు. ఎవరూ లేరంది గౌతమి. తిరిగి వచ్చేటప్పుడు షేర్ ఆటోలో ఆ మాటే మనసును పీకింది. నిజంగా ఎవరూ లేరా?

పాల దుకాణంలో అడిగితే ఆయన పేరు పట్టాభిరామయ్య అని, గల్లీ చివరి అపార్టుమెంటుకు ఈ మధ్యే వచ్చారని, కొన్నాళ్ళుగా పాలకు రావడం లేదని చెప్పారు. పిల్లను నడిపించుకుంటూ వెళ్ళింది.

ఆయన భార్య సుశీలమ్మ తలుపు తీసింది. ఆయన గుండెపోటుతో పోయారని, నిన్ననే పెద్దకర్మ అయిందని చెప్పింది.

గౌతమికి తను రావద్దనడం వల్ల నొప్పి ముదిరి ఉంటుందని బెంగ పట్టుకుంది. ఆఖర్న నడుం బాగా బాధ పెట్టిందా అని అడిగింది.

సుశీలమ్మ అయోమయంగా చూసింది. "నడుం నొప్పా? ఆయనకెప్పుడూ లేదే," అంది.

అంతలో ఆవిడ చూపు అమృత పాదాల మీద పడింది. అలాగే చూస్తూ ఉండిపోయింది.

"నువ్వేనా ఆ పాప తల్లివి? ఎవరేం చెప్పినా ఆ తల్లి ఇక వినే స్థితిలో లేదు, లేని నొప్పి నేనే తెచ్చుకుని వెళ్తానన్నారాయన," అంటూ కళ్ళు తుడుచుకుంది. "రైల్వే ఆసుపత్రిలో జీవితమంతా ఇలాంటి పాదాలు సరిచేసిన డాక్టరు ఆయన."