నాలుగు వందల ఆరు రోజుల ఏడాది

“ఒకే తేదీ రెండుసార్లు వచ్చిందో లేదో చూడాలి బాబూ, అంతే,” అంది టీచరమ్మ.

కంప్యూటర్ షాపు ఆపరేటర్ తలెత్తాడు. పొద్దున్నుంచి అప్లికేషన్లు కొట్టీ కొట్టీ వేళ్ళు పడిపోతున్నాయి. భోజనానికి షాపు మూసేద్దామనుకుంటుంటే ఈ ఇద్దరూ దిగారు. ఒకావిడ బడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులకి సుద్దపొడి. రెండో ఆవిడ టైలరు. మెడలో టేపు తియ్యడం కూడా మర్చిపోయింది. ఇద్దరి మొహాల్లోనూ నిద్రలేని వాలకం.

టీచరమ్మ సంచిలోంచి డైరీ తీసింది. టైలరమ్మ గోడ క్యాలెండరు చుట్ట విప్పింది. తేదీల చుట్టూ ఎర్ర ఇంకు సున్నాలు.

“పోయిన ఏడాది ఆయన క్యాంపుకని చెప్పి వెళ్ళిన రోజులు ఇవి. నా దగ్గర రాసుకున్నవి నావి, తన దగ్గర రాసుకున్నవి తనవి. అన్నీ ఒకే వరసలో ఎక్కించు.”

ఏం కంపెనీయో, రిజిస్టరన్నది లేకుండా గోడ క్యాలెండర్ల మీద నడిపిస్తున్నారు అనుకున్నాడు ఆపరేటర్. ఉద్యోగి ఒక్కడు, బ్రాంచీలు రెండు. ఒకే రోజుకి రెండు చోట్లా క్యాంపు రాయించుకున్నాడేమోనని తనిఖీ. ఇలాంటివి అతను చాలా చూశాడు. చూశాననుకుంటాడు, అది వేరే సంగతి.

“వస్తే ఏం చేస్తారు?”

“ఒక్కటి వచ్చినా ఇక ఆయన్ని గడప తొక్కనివ్వం,” అంది టైలరమ్మ. “రెండు చోట్లా.”

“ఒక్కదానికే అంత పనా?”

“అసలు ఆయన ఉద్యోగానికి క్యాంపులే లేవు,” అంది టీచరమ్మ నీరసంగా. “ఆ సంగతి బయటపడి మూడేళ్ళయింది. అరిచాం, ఏడ్చాం. చివరికి ఓపిక చచ్చి సర్దుకున్నాం. ఇంకా సర్దుకోవడం మావల్ల కాదు.”

ఇంత మెతక ఆఫీసు ఉంటే తనూ చేరిపోదును కదా అని ఆపరేటర్ మనసులో నిట్టూర్చాడు.

టీచరమ్మ చదివింది, అతను కొట్టాడు. రెండు వందల ఒక్క తేదీలు. మధ్యలో ఒక టీ. తర్వాత టైలరమ్మ చదివింది. రెండు వందల ఐదు. మెడ పట్టేసింది. పక్క వరసలో, ఏ తేదీ ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే ఫార్ములా వేసి కిందిదాకా లాగాడు. ప్రతి తేదీ పక్కనా ఒకటి, ఒకటి, ఒకటి.

“లేవండీ. ఒక్కటి కూడా రెండుసార్లు రాలేదు.”

టైలరమ్మ స్టూలు మీద కూలబడింది. టీచరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది, అద్దాల్ని కాదు, కళ్ళని.

“చూశారా అక్కా, నేను చెప్పలేదూ? ఆయన మరీ అంత మనిషి కాదు.”

“పోనీలే చెల్లీ. బతికించాడు.”

కాగితం మీద ప్రింటు తీసిద్దామని ఆపరేటర్ వరస చివరికి వెళ్ళాడు. అక్కడ గడి నంబరు నాలుగు వందల ఆరు అని కనబడింది. చెయ్యి ఆగిపోయింది. ఏడాదికి ఉన్నవే మూడు వందల అరవై ఐదు రోజులు. నాలుగు వందల ఆరు తేదీల్లో ఒక్కటి కూడా రెండోసారి రాకుండా ఎలా ఉంటుంది?

నోరు మూసుకుంటే వాళ్ళు నవ్వుకుంటూ ఇంటికి పోయేవాళ్ళు, తను భోజనానికి పోయేవాడు. కానీ పదిహేనేళ్ళ పనితనం ఊరుకోదే!

“ఒక్క నిమిషం ఉండండి.”

తప్పు తనదే. టీచరమ్మ తేదీల్లో రోజుకీ నెలకీ మధ్య గీతలు కొట్టాడు. టీ తాగాక బద్ధకించి టైలరమ్మ తేదీల్లో చుక్కలు కొట్టేశాడు. చుక్కలవి ఈ కంప్యూటర్‌కి తేదీలే కావు, ఉత్త అక్షరాలు. అందుకే ఒకదానితో ఒకటి కలవలేదు. చుక్కలన్నీ గీతలుగా మార్చాడు. రెండుసార్లు వచ్చిన తేదీలు ఎర్రగా కనబడేలా పెట్టాడు. వరసలో అక్కడక్కడా గళ్ళు ఎర్రబడ్డాయి. ఇంకా ఎర్రబడ్డాయి.

“ఎనభై రెండు,” అన్నాడు నెమ్మదిగా.

టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“కాదు కాదు, ఎర్ర గళ్ళు ఎనభై రెండు. ఒక్కో తేదీ రెండేసి సార్లు కదా, కాబట్టి రోజులు నలభై ఒకటే,” అన్నాడు ఓదార్పుగా.

టైలరమ్మ క్యాలెండరు చుట్టడం మొదలుపెట్టింది. సరిగ్గా చుట్టుకోక మళ్ళీ విప్పింది. ఆ మనిషి ఉద్యోగం తన చేతుల మీదుగా ఊడిపోతోందని ఆపరేటర్‌కి ప్రాణం ఉసూరుమంది.

“మేడమ్, ఇంతకీ ముందు ఏ బ్రాంచి వాళ్ళు కంప్లయింటు ఇస్తారు?”

టీచరమ్మ అతని వైపు చూడనైనా లేదు. సుద్దపొడి చేత్తోనే టైలరమ్మ చెయ్యి పట్టుకుంది.

“చెల్లీ, నీ ఇంట్లోనూ లేక, నా ఇంట్లోనూ లేక, ఈ నలభై ఒక్క రోజులూ మన మొగుడు ఎవరింట్లో ఉన్నట్టు?”