పదిహేడో టూలు

“ఇది మాత్రం నేను రాయను,” అంది ఆవిడ, కాగితాన్ని మళ్ళీ మేనేజరు వైపే జరుపుతూ.

“పదహారు టూల్స్‌కి రాశారు కదా మేడం! పదిహేడోదాని దగ్గర ఏమొచ్చింది?”

“ఆ పదహారూ ఏం చేస్తాయో అదే రాశాను. దీనికేమో అది చెయ్యని పని రాయమంటున్నారు.”

అపార్ట్‌మెంట్లకి మరమ్మతులు చేసిపెట్టే కంపెనీ అది. ఇన్నాళ్ళూ ఫిర్యాదులు మనుషులు చూసేవాళ్ళు, ఇకమీదట ఏఐ ఏజెంటు అనే ప్రోగ్రాము చూస్తుంది. పనివాణ్ణి పంపడం, తేదీ మార్చడం, ఫోటో అడగడం, ఇలా ఒక్కో పనికీ అది నొక్కే బటను లాంటి ఒక్కో టూలు. ఏది ఎప్పుడు వాడాలో ఏజెంటుకి తెలిసేది టూలు కింద రాసిన వివరణని బట్టే. ఆ వివరణలు రాయడానికి నాలుగు నెలల కిందట ఆవిణ్ణి తీసుకున్నారు. ఆఫీసులో చాటుగా ‘వివరణమ్మ’ అనేవాళ్ళు. ఆ పేరుకి ఎవరూ వివరణ ఇవ్వకపోయినా ఆవిడకి అర్థమైంది.

పదిహేడో టూలు పేరు ‘మూసివేయి’. దానికింద మేనేజరు రాయమన్నది రెండే ముక్కలు: ‘ఫిర్యాదును పరిష్కరిస్తుంది.’

“పరిష్కరించదు కదండీ. జాబితాలోంచి తీసేస్తుందంతే. పైగా పరిష్కారమైందని ఇంటివాళ్ళకి మెసేజి కూడా కొడుతుంది.”

“రెండూ ఒకటే మేడం.”

“తలుపేసుకుంటే, గుమ్మంలో ఉన్న చుట్టాలు వెళ్ళిపోయినట్టేనా?”

ఆవిడ కొడుకు వయసుంటుంది మేనేజరుకి. నుదురు రుద్దుకున్నాడు.

“ఏఐకి బోలెడు తెలివి. అదే అర్థం చేసుకుంటుంది లెండి.”

“ఉప్పు డబ్బా మీద పంచదార అని రాసి, వంటింట్లోవాళ్ళకి బోలెడు తెలివి అంటే, ఆ టీ మీరు తాగుతారా?”

“రేపు డెమో! అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్ళంతా వస్తున్నారు. వాళ్ళ ముందు మూడొందల పైచిలుకు పాత ఫిర్యాదులు చిటికెలో మాయమవ్వాలి. నేను చెప్పినట్టు రాయండి, లేదంటే ఎల్లుండి నుంచి రాకండి. అసలీ వయసులో మీకీ ఉద్యోగం ఎందుకు, ఇంట్లో హాయిగా ఉండక?”

“ఉండనిస్తేగా,” అని లేచింది ఆవిడ.

ఇంటర్వ్యూలోనూ ఇదే వరస. జీతమెంతని అడగలేదు, సెలవులెన్నని అడగలేదు. ‘బటన్లు లోపల ఏం చేస్తాయో చూడనిస్తారా?’ అని ఒక్కటే అడిగింది. పని మీద ఎంత శ్రద్ధో అని అప్పుడు మురిసిపోయింది ఈ మేనేజరే.

సీటు దగ్గరికి వచ్చేసరికి ఇంటి నుంచి ఫోను.

“నిండిందే. పారబోసి మళ్ళీ పెట్టేశాను,” అన్నాడు భర్త.

“మంచిపని చేశారు.”

“ఏంటాంటీ?” అంది పక్కసీటు ప్రోగ్రామరు పిల్ల.

“బకెట్టు.”

“అంకుల్‌చేత బట్టలు కూడా ఉతికిస్తున్నారా!”

ఆవిడ నవ్వింది. కళ్ళజోడు సవరించుకుని టైపు చేసింది:

‘మూసివేయి: ఫిర్యాదును జాబితాలోంచి తీసేస్తుంది. దేన్నీ బాగుచేయదు. పనివాడు వెళ్ళి, పని పూర్తిచేసి, ఇంటివాళ్ళు సరేనన్నాకే వాడాలి. అంతవరకు ‘పనివాణ్ణి పంపు’ వాడాలి. అందరికన్నా ఎక్కువకాలం ఎదురుచూసినవాళ్ళతో మొదలుపెట్టాలి.’

“ఆంటీ, సార్ రాయమన్నది ఇది కాదుగా! ఏది ఎక్కించను?”

“నేను రాసిందే. అడిగితే నా పేరు చెప్పు. నీ మీదికి రానివ్వను.”

మర్నాడు కంపెనీ యజమాని, సంఘాల పెద్దలు వరసగా కూర్చున్నారు. మేనేజరు చొక్కా సర్దుకుని, ‘పెండింగ్ ఫిర్యాదులన్నీ పూర్తిచెయ్యి’ అని కొట్టాడు. తెర మీద జవాబు వచ్చింది:

‘మూడువందల పన్నెండు ఫిర్యాదులున్నాయి. దేనికీ పనివాడు వెళ్ళినట్టు నమోదు లేదు. మూసివేస్తే ఇవి పూర్తికావు, కనుక మూయలేదు. అన్నిటికన్నా పాతది: వంటింటి పైకప్పు కారుతోంది. మూడేళ్ళయింది. పరిష్కారమైందని పదకొండుసార్లు మెసేజి వెళ్ళింది. ముందు అక్కడికి ప్లంబర్ని పంపమంటారా?’



“మా లిఫ్టు కూడా ఎనిమిదిసార్లు పరిష్కారమైందండోయ్. మేమింకా మెట్లే ఎక్కుతున్నాం,” అన్నాడు ఒక సంఘం పెద్ద.

యజమాని మొహం కందగడ్డయింది. “ఏజెంటుకి ఇలా వివరణ రాసిందెవరు?”

“నేను వద్దన్నాను సార్...” అని మొదలెట్టాడు మేనేజరు.

“ఏం వద్దన్నావు? నిజం రాయొద్దన్నావా?”

వెనక వరసలో ఆవిడ లేచి నిలబడింది. “నేనండీ.”

“రేపు పొద్దున వచ్చి నన్ను కలవండి. మిగతా ఫిర్యాదులు కూడా మీరే చూద్దురుగాని.”

“రేపట్నుంచి రావద్దన్నారండీ.”

“ఎవరు?”

ఆవిడ మేనేజరు వైపు చూసిందంతే.

“ఆవిడ వస్తారు,” అన్నాడు యజమాని, మేనేజరుతో. తర్వాత తెర చూపించి, “ముందు ప్లంబర్ని పంపమని దానికి చెప్పు,” అన్నాడు.

ప్లంబరు బయల్దేరాడని తెర మీద పడేదాకా ఆవిడ కదల్లేదు. ఆ తర్వాత నడవాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

“ఏమండీ, ప్లంబరొస్తున్నాడు, వంటింట్లో బకెట్టు పక్కకి జరపండి.”