మేనత్తగారి ఒంటిపొద్దు

బస్సు చీరాల స్టాండులో ఆగకముందే నేను ఉపన్యాసం మొదలుపెట్టాను.

"డబ్బంతా ఒకేచోట పెట్టొద్దు. ఎవడైనా మీద పడితే ముందు సంచి పట్టుకోండి, తర్వాత వాణ్ణి తిట్టండి. చీర మీద ఏదో పడిందని ఎవరైనా చెబితే వెనక్కి తిరిగి చూడొద్దు."

"మరి నిజంగానే పడితే?" అంది చెల్లెలు.

"పడనీ."

మా ఊళ్ళో రైతు సంఘం మీటింగు ఎక్కడ జరిగినా మైకు నాదే. పత్తి కాటాలో మోసం, పురుగుమందుల కొట్లో మోసం, మిర్చి యార్డులో మోసం. ఏ మోసాన్నయినా ఆమడ దూరంలోనే పసిగడతానని నాకు గట్టి నమ్మకం. సంఘంలో మిగతావాళ్ళకు నా ఉపన్యాసాలంటే మంచి నిద్ర.

అమ్మ ఒళ్ళో గుడ్డసంచి ఉంది. అందులో మా నాయనమ్మ కాసులపేరు. మా ఇంట్లో ఉన్న బంగారమంతా అదే. దాన్ని కరిగించి చెల్లెలి పెళ్ళికి గొలుసూ గాజులూ చేయించాలి. అది పోతే మళ్ళీ కొనే తాహతు ఈ జన్మలో రాదు. అందుకే నా ఉపన్యాసం.

మాది వినుకొండ వైపు. మగపెళ్ళివారిది కనిగిరి వైపు. రెండు వైపులవాళ్ళం కలిసి చీరాలలో బట్టలు తీసి, భోంచేసి, ఆచారి కొట్టుకు వెళ్ళాలని అనుకున్నాం. బట్టల కొట్టు ముందే కలిశారు. పెళ్ళికొడుకు తండ్రి బుల్లయ్యగారు, తల్లి సుబ్బరావమ్మగారు. వాళ్ళ వెనకే గొడుగుతో ఒక పెద్దావిడ మెట్లెక్కింది.

పెళ్ళికొడుకు మేనత్త. ఎవరూ చెప్పక్కర్లేదు. గుమస్తా మొదటి చీర విప్పగానే అంచు తిరగేసి గోటితో గీకి, "ఇది నాలుగు ఉతుకులకు దారం తేలిద్ది. లోపల దాచినయ్యి తియ్యి" అంది. ఆ అధికారం మేనత్తలకే ఉంటుంది.

అమ్మ ఆవిడకు దిండు జరిపింది. సుబ్బరావమ్మగారు సోడా ముందు ఆవిడకే ఇప్పించింది. వియ్యాలవారిని కలుపుకుపోవాలిగా, నేను ఫ్యాను అటు తిప్పించి, "గాలొస్తుందా పెద్దమ్మా" అని కూడా అడిగాను.

తర్వాత గుమ్మంలో నిలబడి కాపలా కాశాను. సైకిలు మీద పోతూ ఒకడు మా వైపు రెండుసార్లు చూశాడు. నేను వాణ్ణి నాలుగుసార్లు చూశాను. వాడు వెళ్ళి కరెంటు స్తంభాన్ని గుద్దుకున్నాడు. ఒక దొంగ తగ్గాడని లెక్కేసుకున్నాను.

బట్టలు తీసుకుని రోడ్డెక్కాం. వెనక నుంచి ఒక బక్కమనిషి పరుగెత్తుకొచ్చాడు. చెయ్యి సంచి మీదికే వస్తోంది. పట్టుకున్నాను కాలరు.

"కాలరు కాదు బాబూ, ఇయ్యి పట్టుకోండి. జాకెట్టు గుడ్డలు మర్చిపోయారు," అన్నాడు.

కొట్టు గుమస్తా. ఇందాకటిదాకా మాకు చీరలు విప్పి చూపించినవాడే.

చెల్లెలు నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. మేనత్తగారు ఒక్కరే నవ్వలేదు. "తప్పేం లేదబ్బాయ్. ఈ రోజుల్లో ఎవుర్నీ నమ్మకూడదు. నీలాంటోడు ఇంటికొకడుండాలి," అంది. మాకు తగిన సంబంధమే దొరికిందనుకున్నాను.

భోజనాల హోటల్లో జనం కిటకిటలాడుతున్నారు. చెయ్యి కడుక్కునే చోట తోపులాట. అమ్మ సంచి చంకలో ఇరికించుకుని, విస్తరి ముందు ఎట్లా కూర్చోవాలో తెలియక నిలబడింది.

"శనివారం నాకు ఒంటిపొద్దు. ఈ పూట తినను," అంది మేనత్తగారు. "ఆ సంచి ఇట్టా ఇచ్చి మీరు కడుపునిండా తినండి. నేను బయట బల్ల మీద కూర్చుంటా."

అమ్మ నా వైపు చూసింది.

"ఇయ్యండి వదినా. పెద్దామె చూసుకోదా ఏంది," అంది సుబ్బరావమ్మగారు.

మగపెళ్ళివాళ్ళు నోరు తెరిచి అడిగాక సంచి దాచుకుంటే ఇంకేమైనా ఉందా. అమ్మ చంకలోంచి నేనే లాగి ఆవిడ చేతికిచ్చాను. ఊరికే ఇచ్చానా, జాగ్రత్తలు చెప్పి మరీ ఇచ్చాను.

"పెద్దమ్మా, ఎవరైనా పలకరిస్తే మాట్లాడొద్దు. సంచి తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకో."

"అట్టాగే నాయనా," అని నా ముందే రెండు చుట్లు చుట్టుకుంది.

పొద్దుటి నుంచి మొదటిసారి నా మనసు నిమ్మళించింది. గోంగూర రెండుసార్లు వేయించుకున్నాను.

తిని బయటికొస్తే బల్ల ఖాళీగా ఉంది. చెల్లెలు గాభరాపడింది. నేను పడలేదు.

"బంగారం పెట్టుకుని రోడ్డు మీద కూర్చుంటుందా? ముందే ఆచారి కొట్టుకు వెళ్ళుంటుంది. ఆవిణ్ణి చూసి నేర్చుకో," అన్నాను.

ఆచారి కొట్లో లేదు. కూర్చున్నాం. ఆచారి త్రాసు తుడిచి పెట్టి, "సరుకేదండీ" అన్నాడు. "వస్తోంది" అన్నాను. పావుగంటయింది. అరగంటయింది. మీ మేనత్త ఎక్కడికి పోయిందని మగపెళ్ళివారిని ఏ మొహం పెట్టుకుని అడగను? అనుమానించినట్టుండదూ? బుల్లయ్యగారు కూడా నా మొహం చూడటం, ఏదో అడగబోయి గోడ మీది క్యాలెండరు వైపు తిరగటం. అమ్మ కొంగు అంచును వేలికి చుడుతోంది, విప్పుతోంది.

చివరికి సుబ్బరావమ్మగారే మొహమాటపడుతూ అమ్మ పక్కకు జరిగి, గొంతు తగ్గించి అడిగింది:

"ఏమనుకోబాకండి వదినా, మీ అక్కగారు ఇంకా రాలేదేంది?"