బాపు చెయ్యి

1997లో హారతి బీఏ పాసైంది. సూరత్ గోడాదరాలో, తెలంగాణ నుంచి వలసొచ్చిన తమ నేతగాళ్ల మగ్గాల బస్తీలో డిగ్రీ చేతికొచ్చిన మొదటి ఆడపిల్ల ఆమే. తండ్రి సంబరంగా పేడాలు తేవడానికి బజారుకు వెళ్లాడు.

హారతికి తొమ్మిదేళ్లప్పుడు ఒక పోలీసు జమాదారు ఇంట్లోకొచ్చి లాఠీతో ఆయన కుడిచెయ్యి విరగ్గొట్టాడు. ఆయన మళ్లీ మగ్గం నడపలేదు. పోలీసు కావాలని ఆమె ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

"ఇగ ఎస్సై పరీక్ష రాస్త అవ్వా. ఆ జమాదారు యాడున్నా ఎతికి పట్టుకుంట. బాపు ఒక్క చేతికి వాని రెండు చేతులూ ఇరగ్గొడ్త."

కనకవ్వ పొయ్యి ఆర్పి వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"వాడు ఉత్తగ రాలే బిడ్డా. నేనే స్టేషన్‌కు పోయి తోల్కొచ్చిన."

"నువ్వా? ఎందుకే?"

"మీ బాపు రోజూ తాగొచ్చి కొట్టేది. ఆ దెబ్బలకు నీ తమ్ముడో చెల్లెనో నా కడుపులనే పాయె. కొట్టిన చెయ్యి ఇరగ్గొట్టు సారూ అని కాళ్లు మొక్కిన."

హారతి పన్నెండేళ్లుగా ఆ జమాదారు మీద పళ్లు కొరుక్కుంటూ చదివింది.

కనకవ్వ ఆమె తల నిమిరింది.

"నా పగ ఆనాడే తీరింది. నువ్వు ఇంక వేరే దేనికోసమన్న పోలీసువు కా, బిడ్డా."