కోటిమందిలో ఒక ముఖం

పొద్దున కొన్న ఫోను సాయంత్రానికల్లా మేస్త్రీని నువ్వెవరో తెలియదు పొమ్మంది.

మేస్త్రీ దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. పెరట్లో దీపం కింద నిలబడి నవ్వబోయాడు, నవ్వు సగమే వచ్చింది. మధ్యాహ్నం ఒక పాత గోడ పడగొడుతుంటే కందిరీగల గూడు కదిలింది. అవి కసితీరా కుట్టాయి. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళు సన్నటి గీతలయ్యాయి, ముక్కు ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. "ముఖం సరిపోలలేదు" అని తెర మీద అక్షరాలు వచ్చాయి.

"ఎలా సరిపోలుతుంది? అద్దంలో చూసుకుంటే నాకే సరిపోలట్లేదు," అని విసుక్కున్నాడు.

షాపులో ఎంత మురిసిపోయాడో! సిమెంటులో నానీ నానీ వేళ్ళ గీతలు అరిగిపోయాయి, ఎన్నిసార్లు అద్దినా వేలిముద్ర పడలేదు. "పర్లేదండీ, ముఖం పెడదాం. కోటిమందిలో ఉన్నా మీ ముఖాన్నే పట్టుకుంటుంది," అంది షాపమ్మాయి. ఇన్నాళ్ళకి తనని గుర్తుపెట్టుకునే వస్తువొకటి దొరికిందని మేస్త్రీ పొంగిపోయాడు. లోపల ఏ బుడగ కదులుతుందోనన్నట్టు, దాన్ని గోడల మట్టం చూసే రసమట్టంలా అడ్డంగా పట్టుకుని ఇంటికి తెచ్చాడు. ముఖంతోపాటు ఒక నంబరు కూడా పెట్టమంటే, ముఖం ఉండగా నంబరెందుకులే అని చేతికొచ్చినవి నొక్కాడు. ఇప్పుడు అందులో ఒక్క అంకె గుర్తుంటే ఒట్టు. తప్పు నంబరు మళ్ళీ మళ్ళీ కొడితే మొత్తానికే బిగుసుకుపోతుందని కూడా ఆ అమ్మాయి చెప్పింది. అందుకే వేలు పెట్టాలంటే భయం.

ఇంతలో ఫోను మోగింది. ఎత్తడానికి మాత్రం ముఖం అడగలేదు.

"మామయ్యా, ఆడపిల్ల! తల్లీబిడ్డా క్షేమం. అత్తయ్య ఇక్కడే ఉన్నారు. ఫోటో పంపాను, చూశారా?"

మేస్త్రీ అక్కడే గట్టు మీద కూర్చుండిపోయాడు. ఈ ఫోటో చూడటానికేగా బటన్ల ఫోను పక్కన పడేసి దీన్ని కొన్నది!

"ఫోటో లోపలే ఉంది బాబూ, నేనే బయట ఉండిపోయాను. ఎవరి పోలిక?"

"చెప్పను. చూస్తే మీకే తెలుస్తుంది. ఉంటాను మామయ్యా, వార్డులోకి ఫోను రానివ్వరు. రేపు చేస్తా."

అల్లుడు పెట్టేశాడు. తెర మళ్ళీ నల్లబడింది.

"తెరుచుకోవే తల్లీ! మనవరాలే అది! ఒక్కసారి చూస్తాను, తర్వాత మూసుకుందువుగాని!" అని మేస్త్రీ పెరడు అదిరేలా బతిమాలాడు.

"ఎవరితో ఆ గోల?" అని గోడ అవతలి నుంచి వినిపించింది.

పక్కింటి డ్రైవరు. ఆ గోడ మేస్త్రీ స్వయంగా కట్టిందే. తన తల ఎత్తుకి కొలత పెట్టుకుని, పైన ఇంకొక్క వరస ఇటుక వేశాడు. డ్రైవరు తల కనబడకుండా ఉండటానికి అది సరిగ్గా సరిపోయింది. ఆ గోడ లేచిన నాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మేస్త్రీ బింకంగా ఊరుకుందామనుకున్నాడు గానీ, సంతోషం ఊరుకోనివ్వలేదు.

"అమ్మాయికి ఆడపిల్ల," అన్నాడు గోడతో.

అవతల బకెట్టు బోర్లించిన చప్పుడైంది. గోడ మీదుగా డ్రైవరు తల లేచింది.

"అమ్మో! ఏంట్రా ఆ ముఖం?"

"కందిరీగలు. ఫోటో ఇందులో ఉంది. ఈ ముఖానికి ఫోను తెరుచుకోవట్లేదు."

"ఏదీ, ఇలా తే."

"నువ్వేం చేస్తావ్? కోటిమందిలో నా ఒక్కడికే తెరుచుకుంటుందట."

"నా భుజాల మీద పెరిగిన పిల్లకి బిడ్డ పుడితే నేను చూడకూడదా?"

ఆ మాటతో మేస్త్రీ నాలుగు ఇటుకలు పేర్చుకుని ఎక్కి, ఫోను అందించాడు. డ్రైవరు దాన్ని కళ్ళకెదురుగా ఎత్తి పట్టుకున్నాడు. టిక్కుమంటూ తెరుచుకుంది.

తెల్లటి గుడ్డలో ఎర్రగా, పిడికెడంత ముఖం. ఒక కన్ను సగం తెరిచి ఎవరదీ అన్నట్టు చూస్తోంది. గోడకి అటొకరు ఇటొకరు, ఇద్దరూ మెడలు చాచి చూశారు.

"గడ్డం మీద ఆ సొట్ట చూడు, అచ్చు నీదే," అన్నాడు డ్రైవరు. మేస్త్రీ చూశాడు. చూసి, నీళ్ళు నిండిన ఆ గీతల కళ్ళతోనే నవ్వాడు.

కాసేపటికి అతనికి అనుమానం వచ్చింది. "అది సరే, నాకు తెరుచుకోనిది నీకెలా తెరుచుకుందిరా?"

డ్రైవరు గోడ మీదుగా చెయ్యి చాచి, ఆ వాచిన బుగ్గని మెల్లగా నిమిరాడు.

"ఒకే కాన్పులో మనిద్దర్నీ కన్న అమ్మే పోల్చుకోలేక నీ దెబ్బలన్నీ నాకు వేసేది కదరా, పొద్దున వచ్చిన ఫోను, పాపం దానికేం తెలుస్తుంది!"