నిండు పియాలా

"మొదలుపెట్టండి ఆపా," అంది మేరిమ్, స్టాప్‌వాచ్ నొక్కబోతూ.

బురుల్ ఆపా కదల్లేదు. ఆస్పత్రి వంటగది కిటికీలోంచి బయటికి చూస్తోంది. బయటంతా మంచు. దాని అవతల ఇనుప గేటు, గేటుకి తాళం.

"ఇది మూడోసారి కదా తల్లీ?" అంది ముసలామె.

మేరిమ్ కాగితం వంక చూసింది. పైన 'మూడో ప్రయత్నం' అనే ఉంది. "అవునాపా. ఈసారైనా గట్టెక్కాలి."

"గట్టెక్కితే?"

"పదహారు మార్కులు దాటితే గేటు తీస్తారు. ఎంచక్కా ఇంటికి పోవడమే."

"దాటకపోతే?"

దాటకపోతే ఇంకో మూడు నెలలు ఇక్కడే. ఈ గోడల మధ్య ఉండటం ఎంత నరకమో మేరిమ్‌కి ఒకరు చెప్పాలా! కనుమ మీద మంచు పడి దారి మూసుకుపోయిందని డాక్టరు గారు అన్నప్పటి నుంచి తనూ ఇంటి మొహం చూడలేదు. ఇవాళ పొద్దున ఊరికే గేటు దాకా నడిస్తే, కాపలా ముసలాయన "ఈవేళ కాదమ్మా, లోపలికి పద" అని వెనక్కి పంపేశాడు.

తలకి దెబ్బ తగిలినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు తమ పని తాము చేసుకోగలరో లేదో తేల్చే పరీక్ష అది. టీ కాయాలి. రొట్టె కోయాలి. పొయ్యి ఆర్పాలి. ఒక్కో పనికీ ఇన్ని మార్కులని కాగితం మీద ఉంటుంది. పరీక్ష పెట్టేవాళ్లకి మాత్రం ఒకటే నియమం. నోరు కుట్టేసుకుని కూర్చోవాలి. ఒక్క మాట సాయం చేసినా పరీక్ష చెల్లదు.

ఆపా లేచింది. వణికే చేత్తో కెటిల్ నింపింది. పొయ్యి వెలిగించింది. రొట్టె ముక్కలు కోసింది. పాలు తీసింది. పొయ్యి ఆర్పింది, అదీ ఎవరూ గుర్తు చేయకుండానే. మేరిమ్ ఒక్కొక్కటే టిక్కు పెడుతూ పోయింది. భుజాల దగ్గర వదులుగా ఉన్న తెల్లకోటు జారిపోతుంటే పైకి లాక్కుంది.

పదిహేను వచ్చాయి! మిగిలింది పియాలా గిన్నెలో టీ పోయడం. దానికి రెండు మార్కులు.

ఆపా పియాలాలో సగానికి టీ పోసి, మర్యాదగా మేరిమ్ ముందు పెట్టింది.

మేరిమ్ టిక్కు పెట్టబోయి ఆగింది. 'అంచు దాకా నింపాలి' అని ఉంది కాగితంలో.

ఈ నరిన్ ఊళ్లో ఎవరైనా సగమే పోస్తారు. సగం పోస్తే ఇంకాసేపు కూర్చో, మళ్లీ మళ్లీ పోస్తాను అని. నిండా పోస్తే ఇక లేచి వెళ్లు అని. ఆ కాగితం ఎక్కడో సముద్రాల అవతల తయారైంది. రాసిన మహానుభావుడు ఈ ఊళ్లో ఒక్క పూట టీ తాగి ఉంటే ఆ ముక్క రాసేవాడు కాదు. ఈ చుట్టుపక్కల అవ్వలందరూ సరిగ్గా అక్కడే బోల్తా పడతారు.

"ఏం తప్పు చేశాను తల్లీ? మొహం అలా పెట్టావు?"

"చెప్పకూడదాపా."

"ఒక్క మాట చెప్పు. ఇంటి దగ్గర ఆవు ఈనేలా ఉంది. చూసే దిక్కు లేదు. ఒక్క మాటే."

ఈ ఆవు సంగతి ఇదివరకే ఎక్కడో విన్నట్టు మేరిమ్‌కి లీలగా అనిపించింది. తలగుడ్డ కింద చెయ్యి పెట్టి గోక్కుంది.

"నీకు మాత్రం ఇంటికి పోవాలని లేదూ?" అంది ఆపా.

"ఎందుకుండదు ఆపా! మా అమ్మ నూనెలో బోర్సోక్ రొట్టెముక్కలు వేయిస్తూ పిలుస్తున్నట్టు రోజూ కలే. వేడివేడిగా వాయి దిగేసరికి మెలకువ వచ్చేస్తుంది."

ఆపా ఏదో చెప్పబోయింది. మళ్లీ పెదవులు బిగించేసుకుంది.

మేరిమ్ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. చెబితే నియమం తప్పినట్టు. చెప్పకపోతే, మర్యాదగా టీ పోసిన పాపానికి ఓ ముసలి ప్రాణాన్ని గేటు లోపల కట్టిపడేసినట్టు. తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. వెనక కొక్కేనికి ఎవరిదో తెల్లకోటు వేలాడుతోంది, అంతే.

ఎవరు చూడొచ్చారు!

ముందుకు వంగి, గొంతు తగ్గించి అంది. "నిండా పోయండి ఆపా. అంచు దాకా. నేనేమీ అనుకోను."

ఆపా మొహం పాలిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషం పట్టలేకపోతోంది పాపం, అనుకుంది మేరిమ్.

"అయ్యో తల్లీ..." అంటూ ఆపా కెటిల్ అందుకుంది. ఈసారి చెయ్యి వణకలేదు. ఒక్క చుక్క కింద పడకుండా, అంచు దాకా పోసి పియాలాని జరిపింది.

మేరిమ్ నవ్వేసింది. "మా ఇంట్లో ఇలా పోశారంటే లేచి పొమ్మన్నట్టే, ఆపా!"

"తెలుసమ్మా. నిన్ను పంపించాలనే ఉంది నాకూ."

ఆ మాట మేరిమ్ చెవికెక్కలేదు. రెండు మార్కులు వేసి కూడుతోంది. పదిహేడు!

"అయిపోయిందాపా! గేటు తీసేస్తారు!" అని చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది.

బురుల్ ఆపా కళ్లు తుడుచుకుని, కొక్కేనికున్న తన తెల్లకోటు తొడుక్కుని, జేబులోంచి ఇంకో కాగితం తీసి, 'రోగి పేరు: మేరిమ్, గుర్రం మీంచి పడి తలకి దెబ్బ, ఇక్కడ పరీక్షలు పెట్టే తన ఉద్యోగం మళ్లీ చేయగలదా అన్నదానికి మూడో పరీక్ష' అన్న అక్షరాల కింద 'ఈసారీ మాట సాయం చేసింది' అని రాసి, సున్నా చుట్టింది.