తొట్టిలో చెయ్యి

తారాబాయి పెద్దపల్లిలో ఆడపిల్లల బడి పంతులమ్మ. భర్త పోయాక అద్దె ఇంట్లో ఒక్కతే ఉండేది. ఎనభై నాలుగులో, మట్టి లేకుండా నీళ్లలోనే మొక్కలు పెంచవచ్చని రేడియోలో విని, వెనక గదిలో కిటికీ కింద తొట్టి పెట్టింది. ఎరువు కలిపిన నీళ్లలో టమాట నారు నిలబెట్టింది. వారం తిరక్కుండానే వేర్లు కుళ్లి వాసన కొట్టాయి. వేర్లకు గాలి అందాలంటే నీళ్లను చేత్తో కలుపుతుండాలని తర్వాత తెలిసింది. మళ్లీ కొత్త నారు పెట్టింది.

ఒకనాడు పొద్దుగూకాక కరెంటు పోయింది. ముందు గదిలో ఉన్న తారాబాయికి నీళ్ల చప్పుడు వినిపించింది. వెనక గదిలో ఎవరో తొట్టిలో చెయ్యి పెట్టి మెల్లగా కలుపుతున్నారు.

"బుచ్చవ్వా, నువ్వేనా?" అని పక్కింటామెను పిలిచింది.

జవాబు వీధి తలుపు అవతలి నుంచి వచ్చింది. "గీడనే ఉన్న టీచరమ్మా. దీపం తెచ్చిన, జర తలుపు తియ్యుర్రి. గొంతు గట్లున్నదేంది?"

పెరటి తలుపుకు తానే గడియ పెట్టిన సంగతి తారాబాయికి అప్పుడు గుర్తొచ్చింది. బయటికి పరుగెత్తాలనిపించింది. కానీ ఆ ఇంట్లో ఇంకొకరు పనిచేసే చప్పుడు విని ఎన్నేళ్లయిందో! దీపం పెడితే అది ఆగిపోతుందేమో.

"దీపం వద్దు బుచ్చవ్వా, కరెంటు వస్తది. నువ్వు పోయిరా."

బుచ్చవ్వ అడుగులు దూరమయ్యాయి. తారాబాయి గోడ పట్టుకుని వెనక గది గుమ్మం దాకా వెళ్లింది.

"అన్నం తిన్నరా?" అని అడిగింది.

కలపడం ఆగింది. నేల మీద చుక్క చుక్కగా నీళ్లు పడుతున్న చప్పుడు ఆమె వైపు రాసాగింది.